గేట్లు ఎప్పుడు ఎత్తాలి?

2021 జూన్ 19న తెలంగాణ మంత్రివర్గం లాక్‌డౌన్‌ని పూర్తిగా ఎత్తేయాలని నిర్ణయించింది. మర్నాటి నుంచి హైదరాబాదులో బస్సులు, మెట్రో, దుకాణాలు, హోటళ్ళు అన్నీ మామూలే. ఆ తర్వాతి రోజు, జూన్ 21న, ఇంగ్లండ్‌లోనూ చివరి ఆంక్షలు పోవలసి ఉంది. ప్రధాని బోరిస్ జాన్సన్ నాలుగు నెలల ముందే ప్రకటించిన తేదీ అది. పెళ్ళిళ్ళు కూడా ఆ తేదీ చూసుకునే పెట్టుకున్నారు. తీరా వారం ముందు, జూన్ 14న, ఇంకో నాలుగు వారాలు ఆగాలని చెప్పారు.

ఆ వారంలోనే, ఇంగ్లండ్‌లో డాక్టరుగా ఉన్న మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. "బాబాయ్, మీ దగ్గర రెండు డోసులూ పడ్డవాళ్ళు పెద్దవాళ్ళలో వందకి ఐదారుగురు ఉంటారేమో. మీరేమో తలుపులు బార్లా తీశారు. ఇక్కడ సగం మందికి పైగా పడ్డాయి, మమ్మల్నేమో ఆగమన్నారు. ఇద్దరిలో ఎవరికి లెక్కలు రావంటావ్?"

అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. తర్వాత కాగితం మీద లెక్కలు వేసుకుంటే రెండుచోట్లా లెక్కలు వచ్చినవాళ్ళే ఉన్నారని తేలింది. వాళ్ళు చేస్తున్నది మాత్రం వేరువేరు లెక్కలు.

పిల్ల అడిగినదాంట్లో మనందరికీ ఉన్న ఒక నమ్మకం దాగి ఉంది. వందకి ఇంతమందికి టీకా పడితే చాలు, ఇక భయం లేదు అనే అంకె ఒకటి ఎక్కడో ఉందన్న నమ్మకం. 2020 డిసెంబర్ 8న కోవెంట్రీ ఆసుపత్రిలో మార్గరెట్ కీనన్ అనే తొంభై ఏళ్ళ పెద్దావిడ ఫైజర్ టీకా వేయించుకున్నప్పుడు (ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్ళని మినహాయిస్తే ప్రపంచంలో ఆ టీకా పడ్డ మొదటి మనిషి ఆవిడే) చాలామంది నోట వినపడ్డ అంకె డెబ్బై. డెబ్బై శాతం మందికి టీకా వేస్తే గండం గడిచినట్టే అన్నారు. ఆ డెబ్బై గాల్లోంచి ఊడిపడలేదు.

ఎవరికీ రక్షణ లేని ఊళ్ళో ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడో ఆ సంఖ్యని అంటురోగాల శాస్త్రంలో 'ఆర్ నాట్' అంటారు, మనం క్లుప్తంగా 'ఆర్' అందాం. మొదట వచ్చిన కరోనా వైరస్‌కి అది సుమారు మూడు. ఆ ముగ్గురిలో ఇద్దరికి ముందే రక్షణ ఉందనుకోండి, ఒక్కరికే అంటుతుంది. ఒకరి నుంచి ఒకరికే పాకే రోగం పెరగదు, అంతకన్నా తగ్గితే ఆరిపోతుంది. ముగ్గురిలో ఇద్దరంటే వందకి 67. దాన్ని కాస్త పైకి సవరిస్తే డెబ్బై. సామూహిక రక్షణ అని పత్రికలు రాసినదాని వెనక ఉన్న లెక్క ఇంతే.

తర్వాత డెల్టా అనే కొత్త రకం వైరస్ వచ్చింది. దాని ఆర్ ఐదుకీ ఏడుకీ మధ్య ఉంటుందని అంచనా. ఆరు అనుకుందాం. ఆరుగురిలో ఐదుగురికి రక్షణ ఉండాలి, అంటే 83 శాతం. టీకా వేసుకున్న ప్రతివాడికీ అసలు రోగం అంటదా అంటే, అదీ కాదు. అంటకుండా ఆపడంలో నూటికి ఎనభై పాళ్ళు పనిచేస్తుందనుకుందాం. ఇది కాస్త ఉదారంగా వేసుకున్న అంకే. అప్పుడు 83 మందికి రక్షణ దొరకాలంటే వందకి 104 మందికి టీకా వేయాలి.

బళ్ళో ఇలాంటి జవాబు రాస్తే మాస్టారు సున్నా చుట్టేవారు. ఇక్కడ మాత్రం లెక్క సరిగానే ఉంది. ఈ వైరస్‌ని టీకా ఒక్కదానితోనే ఆర్పడం కుదరదని అది చెబుతోంది. పైగా బ్రిటన్ జనాభాలో అయిదో వంతు పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు, అప్పటికి వాళ్ళకి టీకాలే మొదలుకాలేదు. కాబట్టి 'ఎంత శాతం?' అన్న ప్రశ్నకి సమాధానమే లేకుండా పోయింది. ఇంకో ప్రశ్న మిగిలింది. గేట్లు ఎప్పుడెత్తినా కొంత నీరు వస్తుంది. ఆ నీరు ఎప్పుడు రావాలి, ఎవరి ఇళ్ళ మీదుగా పోవాలి?

ఇంగ్లండ్ వేసుకున్న ప్రణాళిక 2021 ఫిబ్రవరి 22న బయటికొచ్చింది. నాలుగు మెట్లు, ప్రతి మెట్టు ముందూ నాలుగు పరీక్షలు. టీకాలు వేయడం సవ్యంగా సాగుతోందా? ఆసుపత్రి చేరికల్నీ మరణాల్నీ టీకాలు నిజంగా తగ్గిస్తున్నాయా? కేసులు పెరిగినా ఆసుపత్రులు తట్టుకోగలవా? కొత్త రకం వైరస్ వచ్చి లెక్కల్ని తారుమారు చేయలేదు కదా? వీటిలో ఎక్కడా ఫలానా శాతం దాటాలన్న మాట లేకపోవడం గమనించాలి. నాలుగింటిలోనూ మూడోదే అసలు ఇరుసు. కేసులు సున్నాకి రావాలని అక్కడెవరూ అనలేదు, మంచాలు సరిపోవాలన్నారు.

మెట్టుకీ మెట్టుకీ మధ్య కనీసం అయిదు వారాలు ఆగుతామన్నారు. జనానికి అది నసగా అనిపించింది. కాలువ చివరి భూముల రైతుకి మాత్రం ఇట్టే అర్థమవుతుంది. బ్యారేజీ దగ్గర తూము ఎత్తగానే చివరి పొలానికి నీళ్ళు రావు, రోజులు పడుతుంది. ఎంత వచ్చిందో చూడకుండా ఇంకో అడుగు ఎత్తితే, నీళ్ళు వచ్చేసరికి గట్టు తెగిపోయి ఉంటుంది. కోవిడ్ కూడా అంతే. ఇవాళ అంటుకున్నవాడికి నాలుగైదు రోజులకి జ్వరం వస్తుంది. పరిస్థితి విషమిస్తే మరో వారానికి ఆసుపత్రికి వస్తాడు. ప్రాణం మీదికొచ్చేది ఇంకో వారం, రెండు వారాల తర్వాత. ఈరోజు ఐసీయూలో ఎన్ని మంచాలు నిండాయన్న లెక్క, రెండు మూడు వారాల కిందట వీధుల్లో ఏం జరిగిందో చెబుతుంది. అందుకే చూడడానికి నాలుగు వారాలు, వ్యాపారులకి ముందుగా చెప్పడానికి ఒక వారం. 'తేదీలు కాదు, డేటా' అన్నది జాన్సన్ ప్రభుత్వ నినాదం. ఆ మాట అంటూనే వరసగా తేదీలు ప్రకటించింది. మనిషికి క్యాలెండర్ మీద ఉన్న నమ్మకం డేటా మీద ఉండదు మరి.

మొదటి మూడు మెట్లూ సాఫీగా గడిచాయి. నాలుగో పరీక్ష దగ్గర బండి ఆగింది. దాన్ని ఆపింది మన దగ్గర నుంచి వెళ్ళిన వైరసే.

డెల్టాని తొలిసారి గుర్తించింది ఇండియాలో. 2021 ఏప్రిల్‌లో అది ఇక్కడ ఎలా విరుచుకుపడిందో, ఆక్సిజన్ సిలిండర్ కోసం తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసిన ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. ఇండియాని ప్రయాణాలకి ఆంక్షలుండే ఎర్ర జాబితాలో పెడుతున్నామని బ్రిటన్ ఏప్రిల్ 19న ప్రకటించి, 23 తెల్లవారుజాము నుంచి అమలు చేసింది. మధ్యలో చిక్కిన ఆ నాలుగు రోజుల్లో లండన్ విమానాలకి జనం ఎగబడ్డారు. పాకిస్తాన్‌నీ బంగ్లాదేశ్‌నీ అంతకు రెండు వారాల ముందే ఆ జాబితాలో చేర్చి ఇండియాని ఎందుకు వదిలేశారని ఆ తర్వాత పార్లమెంటులో నిలదీశారు. మే నెలకల్లా ఉత్తర ఇంగ్లండ్‌లోని బోల్టన్ పట్టణంలో కేసులు ఎగిశాయి.

డెల్టా బ్రిటన్‌ని మరో రకంగానూ ఇరుకున పెట్టింది. ఉన్న కాసిని టీకాల్ని వీలైనంత ఎక్కువమందికి ఒక్కో డోసుగా వేసి, రెండో డోసుకి పన్నెండు వారాలు ఆగాలన్నది వాళ్ళ ఎత్తుగడ. అంతకుముందున్న ఆల్ఫా రకం మీద అది బాగా పనిచేసింది. మేలో ఇంగ్లండ్ ప్రజారోగ్య విభాగం డెల్టా మీద లెక్క తీసింది. జ్వరం, దగ్గు లాంటి లక్షణాలతో రోగం రాకుండా ఆపడంలో ఒక్క డోసు 33 శాతమే పనిచేస్తోంది. రెండు డోసులూ పడితే ఫైజర్ 88 శాతం, మన దగ్గర కోవిషీల్డ్‌గా వచ్చిన ఆస్ట్రాజెనెకా 60 శాతం. ఆసుపత్రి పాలు కాకుండా కాపాడడంలో అవే రెండు డోసులు 96, 92 శాతం. ఒక డోసు పడ్డవాడు రాత్రికి రాత్రి సగం కవచంతో నిలబడ్డట్టయింది. యాభై దాటినవాళ్ళకి పన్నెండు వారాల గడువుని ఎనిమిదికి కుదించారు. జూన్ 14న ఆగమన్నది ఇందుకే.

ఆ ఆగడం విషయంలో నాకు పేచీ లేదు. గడువు తీసుకున్నవాడు ఆ గడువులో ఏం చేశాడన్నదే చూడాలి. ఆ నాలుగైదు వారాల్లో బ్రిటన్‌లో రెండు డోసులూ పడ్డ పెద్దవాళ్ళు సుమారు 57 శాతం నుంచి 68కి చేరారు. అప్పులవాణ్ణి నెల ఆగమని ఆ నెలంతా పని చేసినట్టు. అసలు గొడవ జులైలో మొదలైంది. ఇంకో నెల ఆగితే ఇలాగే కలిసొస్తుందా?

ఆగాలన్నవాళ్ళు చిన్నవాళ్ళేం కాదు. జులై 7న లాన్సెట్ పత్రికలో వందమందికి పైగా శాస్త్రవేత్తలు, వైద్యులు కలిసి లేఖ రాశారు. పిల్లలకి, కుర్రవాళ్ళకి టీకాలు పడకముందే గేట్లెత్తడమంటే వాళ్ళని వైరస్‌కి వదిలేయడమే అన్నారు. రోగం తగ్గినా నెలల తరబడి నీరసం, ఆయాసం వదలని దీర్ఘ కోవిడ్‌ని లెక్కలో వేసుకోవడం లేదన్నారు. సగం మందికి టీకా పడి, మిగతా సగంలో వైరస్ విచ్చలవిడిగా తిరిగే చోటే టీకాని తప్పించుకునే కొత్త రకాలు పుట్టడానికి అనువుగా ఉంటుందన్నారు. ఈ వాదనలో బలం ఉంది. టీకా పడ్డాక రోగం అంటడానికీ పడకముందు అంటడానికీ చాలా తేడా. ప్రతి వారం ఆలస్యానికీ కొంతమంది ఆ గీత ఇవతలికి వస్తారు.

ఎత్తాలన్నవాళ్ళలో పెద్ద గొంతు ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీది. ఆయన మొదటి నుంచీ ఆచితూచి నడిచే మనిషి. ఎప్పుడెత్తినా ఒక అల వస్తుంది, ఇప్పుడు ఆపితే అది పోదు, వెనక్కి జరుగుతుంది, అన్నది ఆయన వాదన. బళ్ళకి వేసవి సెలవులొస్తున్నాయి, జనం ఆరుబయట ఉంటారు, ఫ్లూ కాలం కాదు. సెప్టెంబరు దాకా ఆపితే బళ్ళు తెరవడం, చలి, ఫ్లూ, ఈ అల అన్నీ ఒకేసారి ఆసుపత్రి గుమ్మంలో దిగుతాయి.

శ్రీశైలం పేరు వింటే 2009 అక్టోబరు గుర్తొచ్చే వాళ్ళకి ఈ వాదన కొత్త కాదు. జలాశయం నిండుగా ఉన్నప్పుడు పైనుంచి పాతిక లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది. కర్నూలు మునిగింది. ముందే కొంత వదిలి చోటు ఉంచుకోవలసిందన్న మాట ఇప్పటికీ అక్కడ వినిపిస్తుంది. వదిలితే, ఆ ఏడాది వరదే రాకపోతే, సాగుకి నీళ్ళు వృథా చేశారని అదే జనం తిట్టి ఉండేవారన్నదీ నిజమే. గేటు దగ్గర నిలబడ్డ ఇంజినీరుకి రేపటి వాన తెలీదు.

నా మట్టుకి, ఈ రెండు పక్షాల మధ్య తేడా విజ్ఞానంలో ఉన్నదాని కన్నా ఒక చిన్న అంకె మీద ఉంది. వారం ఆగితే ఆ వారంలో ఎన్ని కొత్త టీకాలు పడతాయి? రోజుకి లక్షల్లో పడుతున్నప్పుడు ఆగడం తెలివి. జులై వచ్చేసరికి వేయించుకోవాలనుకున్నవాళ్ళు వేయించేసుకున్నారు, మొదటి డోసు కోసం వచ్చే కుర్రవాళ్ళ వరస పలచబడింది. టీకాలు పడనప్పుడు గడువు దేనికి? అదే సమయంలో, పిల్లలకీ టీకా వేద్దామని ప్రభుత్వం అప్పుడే తేల్చుకుని ఉంటే ఆ గడువుకి మళ్ళీ విలువ వచ్చేది. లాన్సెట్‌లో రాసినవాళ్ళు అడిగింది అదే. పన్నెండు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి టీకా వేయాలన్న సిఫార్సు సెప్టెంబరు 13న గాని రాలేదు. అది నాకు ఆలస్యంగానే తోస్తుంది.

మొత్తానికి జులై 19 వచ్చింది. పత్రికలు దానికి 'స్వేచ్ఛా దినం' అని పేరు పెట్టాయి. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే నైట్‌క్లబ్బులు తెరుచుకున్నాయి. దేశాన్ని విడుదల చేసిన ప్రధాని మాత్రం ఆ రోజు తన అధికారిక విడిది చెకర్స్ బంగళాలో గృహనిర్బంధంలో ఉన్నారు. ఆరోగ్య మంత్రి సాజిద్ జావిద్‌కి రెండు రోజుల ముందు పాజిటివ్ వచ్చింది. ఆయన్ని కలిసిన జాన్సన్, ఆర్థిక మంత్రి రిషి సునాక్ ఇద్దరూ విడిగా ఉండాల్సి వచ్చింది. మొదట మాకు రోజూ పరీక్ష చేసే ప్రయోగ పథకం ఉంది, ఇంట్లో కూర్చోనక్కర్లేదన్నారు. జనం మండిపడేసరికి కొన్ని గంటల్లోనే మాట మార్చుకున్నారు.

ఆ సాయంత్రం విలేకరుల సమావేశంలో ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు పాట్రిక్ వాలన్స్ నోరు జారారు. ఆసుపత్రిలో చేరుతున్నవాళ్ళలో 60 శాతం రెండు డోసులూ వేసుకున్నవాళ్ళే అన్నారు. కాసేపటికి దిద్దుకున్నారు, 60 శాతం అసలు టీకా వేసుకోనివాళ్ళు అని. ఆలోగా మొదటి మాట ప్రపంచం చుట్టేసింది. టీకాలు దండగ అనేవాళ్ళకి పండగే.

ఆయన పొరపాటున అన్న మాటే నిజమై ఉన్నా టీకా మీద నమ్మకం పోనక్కర్లేదు. వెయ్యి మంది ఉన్న ఊరు తీసుకోండి. టీకా లేకపోతే వందకి పదిమంది చొప్పున వంద మంది ఆసుపత్రి పాలవుతారు. ఇప్పుడు 950 మందికి టీకా పడింది, అది నూటికి తొంభై పాళ్ళు కాపాడుతుంది. టీకా పడని యాభై మందిలో ఐదుగురు ఆసుపత్రికి వెళతారు. పడ్డ 950 మందిలో వెళ్ళవలసిన 95 మందికి బదులు తొమ్మిదో పదో మంది వెళతారు. వార్డులో తలలు లెక్కపెడితే టీకా వేసుకున్నవాళ్ళే ఎక్కువ! వంద మంది చేరవలసిన వార్డులో పదిహేను మందే ఉన్నారన్నది అక్కడ నిలబడితే కనపడదు. మంచాల మీద ఉన్నవాళ్ళని లెక్కపెడతాం, ఇంట్లో అన్నం తింటున్న మిగతా ఎనభై అయిదుగురి దగ్గరికి ఏ విలేకరీ వెళ్ళడు. ఊరందరికీ టీకా పడేకొద్దీ వార్డులో టీకా వేసుకున్నవాళ్ళ వాటా పెరుగుతూనే ఉంటుంది. వందకి వంద పడితే వార్డులో ఉన్న ప్రతివాడూ వేసుకున్నవాడే.

టీకా ఏం చేసిందో చూడాలంటే జులైని జనవరితో పోల్చి చూడాలి. 2021 జనవరిలో బ్రిటన్‌లో రోజుకి అరవై వేల కేసులు వచ్చినప్పుడు రోజుకి వెయ్యి మందికి పైగా చనిపోయారు, ఆసుపత్రుల్లో 39 వేల మంది ఉన్నారు. జులై మధ్యలో రోజుకి నలభై అయిదు వేలు దాటిన కేసులకి మరణాలు వందలోపు, ఆసుపత్రుల్లో ఉన్నది ఐదు వేల దరిదాపుల్లో. కేసుకీ చావుకీ మధ్య ఉన్న ముడి తెగలేదు, బాగా వదులైంది.

ఇక జోస్యాల సంగతి. గేట్లెత్తడానికి ముందురోజు, ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్త నీల్ ఫెర్గూసన్ రోజుకి లక్ష కేసులు దాదాపు ఖాయమన్నారు, రెండు లక్షలు కూడా కావచ్చన్నారు. ఎత్తిన వారంలోనే కేసులు దిగడం మొదలుపెట్టాయి. 17న యాభై నాలుగు వేలు దాటినవి 27వ తేదీకి ఇరవై మూడు వేలకి వచ్చాయి. ఆంక్షలు ఎత్తేస్తే కేసులు తగ్గడమేమిటని శాస్త్రవేత్తలు, ప్రభుత్వం ఇద్దరూ తెల్లబోయారు. కారణాలు తర్వాత పోగుచేశారు. జులై 11న వెంబ్లీలో ఇటలీ చేతిలో ఇంగ్లండ్ ఓడి యూరో కప్పు ముగిసింది, ఇళ్ళల్లో, పబ్బుల్లో గుంపులుగా ఆట చూడడం ఆగింది. బళ్ళకి సెలవులిచ్చారు. ఎండ కాసింది. పక్కనున్నవాడికి పాజిటివ్, ఇంట్లో కూర్చోమని ఫోన్ యాప్ హెచ్చరించినవి ఒక్క వారంలో ఆరు లక్షల పైమాటే.

అన్నిటికన్నా పెద్ద కారణం, చట్టం ఎత్తేసినా మనుషులు ఎత్తేయలేదు. లండన్‌లోని ప్రజారోగ్య పాఠశాల ఒకటి జనం రోజుకి ఎంతమందిని దగ్గరగా కలుస్తున్నారో మహమ్మారి పొడవునా సర్వే చేస్తూ వచ్చింది. పాత రోజుల్లో సగటున పదిమందికి పైగా కలిసేవాళ్ళు, జులై 19 తర్వాత కూడా అందులో సగానికి చేరలేదు. మోడళ్ళలో అన్నిటికన్నా తెలియని అంకె అదే. వైరస్ గురించి ప్రయోగశాల చెప్పగలదు, పక్కింటావిడ రేపు సంతకి వెళుతుందా లేదా అన్నది ఏ సమీకరణం చెబుతుంది? మా అన్నయ్య కూతురు ఫోన్‌లో చెప్పింది కూడా అదే. "మా వీధిలో మాస్కులు తీసేసిందల్లా పొద్దున పరుగెత్తేవాళ్ళు, రాత్రి తాగేవాళ్ళు. మిగతావాళ్ళు అలాగే ఉన్నారు."

ఇజ్రాయెల్ కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అందరికన్నా వేగంగా టీకాలు వేసిన దేశం. జూన్ 15న గదుల్లోనూ మాస్కు అక్కర్లేదంది, పదో రోజున, జూన్ 25న, మళ్ళీ పెట్టుకోమంది. జులై 30 నుంచి అరవై దాటినవాళ్ళకి మూడో డోసు మొదలుపెట్టింది. ముందు టీకా వేసుకున్నవాళ్ళకే రక్షణ ముందుగా పలచబడుతుందని ప్రపంచానికి చెప్పింది వాళ్ళే. డెన్మార్క్ సెప్టెంబరు 10న కోవిడ్‌ని 'సమాజానికి ముప్పు తెచ్చే వ్యాధి' జాబితా నుంచి తీసేసి అన్నీ ఎత్తేసింది, నవంబరులో మళ్ళీ ఆ జాబితాలో చేర్చింది, 2022 ఫిబ్రవరి 1న మళ్ళీ తీసేసింది. రెండుసార్లు మాట మార్చినా అక్కడ జనం పెద్దగా గోల చేయలేదు. మారినప్పుడల్లా ఎందుకో చెప్పారు మరి. వెనక్కి తిరగబోమని ముందే మాటిచ్చిన జాన్సన్ మాత్రం ఒమిక్రాన్ అనే ఇంకో రకం వచ్చాక ముందు మాస్కులు, డిసెంబరు 8న ఇంటి నుంచి పని మళ్ళీ తేవలసి వచ్చింది. తిరుగులేని సడలింపు అన్న మాటకి ఆయుష్షు అయిదు నెలలు కూడా లేదు.

ఇంగ్లండ్ గేట్లెత్తిన తర్వాత, ఆగస్టు మధ్య నుంచి నవంబరు దాకా, బ్రిటన్‌లో రోజుకి సుమారు నూరు, నూట యాభై మంది కోవిడ్‌తో పోతూనే ఉన్నారు. ఆ అంకె వార్తల్లో మెల్లిగా లోపలి పేజీలకి జరిగింది. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, కేన్సర్ మందులు వాడుతున్నవాళ్ళు, టీకా పడినా ఒంట్లో రక్షణ పుట్టనివాళ్ళు, ఇళ్ళల్లోనే ఉండిపోయారు. రోజుకి నూరు సరేననీ వెయ్యి కాదనీ ఏ మోడలూ చెప్పలేదు. ఎంతమంది పోతారో అంచనా వేయడం వరకే శాస్త్రం పని. అది భరించదగిన సంఖ్య అన్నది ఒక సమాజం, చాలావరకు నోరు విప్పకుండానే, తీసుకున్న నిర్ణయం.

మరి హైదరాబాదు? ఇక్కడ గేట్లెత్తింది టీకాని చూసి కాదు, వరద దిగిపోవడం చూసి. ఏప్రిల్ చివర రోజుకి పదివేలు దాటిన తెలంగాణ కేసులు జూన్ 19 నాటికి పద్నాలుగు వందలకి అటూ ఇటూగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ఇంకాస్త జాగ్రత్తపడి రాత్రి కర్ఫ్యూని మరికొన్ని నెలలు లాగింది. ఇంగ్లండ్‌లో అప్పుడు కేసులు పెరుగుతున్నాయి, ఇక్కడ తగ్గుతున్నాయి. మా అమ్మాయి ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

మిగతా సగం జులై 20న, ఇంగ్లండ్ స్వేచ్ఛా దినం మర్నాడు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) బయటపెట్టింది. జూన్, జులైల్లో దేశమంతటా చేసిన నాలుగో రక్త సర్వేలో ఆరేళ్ళు దాటినవాళ్ళలో 67.6 శాతం మందికి కరోనా యాంటీబాడీలు ఉన్నాయి. ఒక్క డోసూ పడనివాళ్ళలో కూడా 62 శాతం. ఆరు నెలల ముందు సర్వేలో అది నాలుగో వంతు లోపే. ఇంగ్లండ్ సూదితో చేరిన చోటికి మనం రోగంతో చేరాం. ఇంత చేసీ ఆ 67.6 మనం పైన వేసిన పాత లెక్కలోని 67 పక్కనే నిలబడడం ఒక చిత్రం. ఆ తర్వాత 2022 జనవరిలో ఒమిక్రాన్ దాకా ఇక్కడ పెద్ద అల రాలేదు. ఆ లెక్కన గేట్లెత్తిన నిర్ణయం ఫలించిందనే చెప్పాలి. రోగంతో వచ్చిన ఆ రక్షణకి దేశం ఇచ్చుకున్న మూల్యం ఎంతో మాత్రం ఇంకా తేలలేదు. 2020, 2021 రెండేళ్ళకీ ప్రభుత్వ లెక్క 4.8 లక్షల మరణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో అదనపు మరణాలు 47 లక్షలు. ఆ పద్ధతినే కేంద్రం ఒప్పుకోలేదు.

ఎప్పుడెత్తాలన్న వాదనలో పడి మనం పెద్దగా వాదించుకోనిది ఇంకొకటి ఉంది. ముందు ఏది ఎత్తాలి? ప్రతి సడలింపూ ఒక రోగి ఎంతమందికి అంటిస్తాడన్న సంఖ్యని కొంచెం పైకి తోస్తుంది, మొత్తం ఒక హద్దు దాటకూడదు. నెల జీతంలోంచి ఖర్చులు పెట్టుకోవడం లాంటిదే. డబ్బు ఒకటే, బియ్యం ముందా, సినిమా ముందా అన్నది ఇంటివాళ్ళు తేల్చుకోవాలి. ఇంగ్లండ్ మార్చి 8న మొదటి మెట్టులోనే బళ్ళు తెరిచింది. జుట్టు కత్తిరించే షాపులు, ఆరుబయట పబ్బులు ఏప్రిల్ 12న. హోటల్లో లోపల కూర్చుని తినడం మే 17న. జీతంలో మొదటి రూపాయి బడికి తీసిపెట్టారు.

మన దగ్గర మే లాక్‌డౌన్‌లో పొద్దున ఆరు నుంచి పది దాకా ఇచ్చిన సడలింపులో కూరగాయలతో పాటు వైన్ షాపులూ ఉన్నాయి. జూన్ 20న అన్నీ తెరుచుకున్నాయి, బళ్ళు తప్ప. జులై ఒకటి నుంచి తెరుస్తామన్నారు, తల్లిదండ్రులు భయపడ్డారు, వెనక్కి తీసుకున్నారు. రక్త సర్వే బయటపెట్టిన రోజే ఐసీఎంఆర్ అధిపతి బలరామ్ భార్గవ, చిన్నపిల్లలు ఈ వైరస్‌ని పెద్దవాళ్ళకన్నా బాగా తట్టుకుంటారనీ, పంతుళ్ళకి, సిబ్బందికి టీకాలు వేసి, తెరిస్తే ముందు ప్రాథమిక పాఠశాలలే తెరవడం మంచిదనీ చెప్పారు. అంతకుముందు ఫిబ్రవరిలో తెరిచినప్పుడు పెద్ద తరగతులు నెలరోజులో రెండు నెలలో నడిచాయి. చిన్న తరగతులకి ఆ భాగ్యమూ లేదు. తెలంగాణలో బళ్ళు తెరిచింది సెప్టెంబరు ఒకటిన.

మా వీధి చివర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంది. ఆ రోజు పొద్దున అటుగా వెళుతూ గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. రెండో తరగతిలో కూర్చున్నవాళ్ళు 2020 జూన్‌లో ఒకటో తరగతికి పేరు రాయించుకున్న పిల్లలు. ముక్కు మీదికి మాస్కు లాక్కోవడం, శానిటైజర్ చేతులకి రాసుకోవడం వాళ్ళకి బాగా వచ్చు. పంతులమ్మ హాజరు పట్టీ తీసి పేర్లు చదువుతుంటే మాత్రం ఒక్కొక్కరూ తలెత్తి ఆవిడ మొహంలోకి చూస్తున్నారు. పేరు పిలిచినప్పుడు తిరిగి ఏదో అనాలని వాళ్ళకి ఇంకా తెలీదు.